ఏలూరులో అయిదు రోజులు

టికెట్లు బుక్ చేస్తూ కొడుకు రెండుసార్లు అడిగాడు. "వెళ్ళేదానికీ వచ్చేదానికీ మధ్య అయిదు రోజులు పెట్టమంటున్నారు, పొరపాటు కాదు కదా?" పొరపాటు కాదు. హైదరాబాదులో ఉండే ఆ దంపతులకి డెబ్భై దాటాయి. ఈసారి ఏలూరు వెళ్ళి ఊరికే ఉండి రావాలనుకున్నారు.

'ఊరికే' అన్నది ఆవిడ మాట. ఆయన జేబులో మాత్రం మడతపెట్టిన చీటీ ఒకటి ఉంది. చూడాల్సినవన్నీ నంబర్లు వేసి మరీ రాసుకున్నాడు.

మూడేళ్ళ క్రితం ఒక పెళ్ళికని వెళ్ళినప్పుడూ ఇలాంటి చీటీయే. పొద్దున్నే కారు మాట్లాడుకుని ద్వారకా తిరుమల, గుంటుపల్లి గుహలు, పెదవేగి, కొల్లేరు అన్నీ ఒక్క రోజులో చుట్టేశారు. గుంటుపల్లిలో మోకాళ్ళు మొరాయించి ఆవిడ మెట్ల దగ్గరే ఉండిపోయింది. పైన గుండ్రటి చైత్యంలో, గుడిసె లోపలి వాసాల్లా చెక్కిన రాతికప్పు కింద ఆయన నిలబడింది పది నిమిషాలు. కొల్లేరు చేరేసరికి పొద్దు గుంకింది. "కొల్లేరు చూశాం" అని ఆయన అందరికీ చెబుతుంటే, "చీకటి చూశాం" అని ఆవిడ దిద్దుతూ వచ్చింది.

అసలు ఆ కొల్లేరు బాకీ అంతకన్నా పాతది. 1976లో కొత్త కాపురం పవర్‌పేటలో ఒక గదీ వంటిల్లూ. దోనె మీద కొల్లేటిలోకి తీసుకెళ్ళమని ఆవిడ అడిగేది. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ రెండేళ్ళు గడిచాయి. ఆ తర్వాత ట్రాన్స్‌ఫరు. పెళ్ళాం అడిగినవాటిలో చాలామంది మగవాళ్ళు మరిచిపోయేవి ఇలాంటివే, ఖర్చు లేనివి!

మొదటి రోజు ఎక్కడికీ వెళ్ళలేదు. పవర్‌పేటలో పాత ఇల్లు వెతికారు. ఇల్లు లేదు, అపార్టుమెంటు ఉంది. వాచ్‌మన్ కుర్చీలు వేసి, "కూర్చోండి పిన్నిగారండీ" అన్నాడు. సాయంత్రం కాలవగట్టు మీద నడిచారు. కృష్ణ నుంచి వచ్చే కాలవా, గోదావరి నుంచి వచ్చే కాలవా కలిసేది ఈ ఊళ్ళోనే. ఆవిడకి ఆ సంగతి అప్పుడూ తెలుసు. రెండు నదుల నీళ్ళతో అంట్లు తోముతున్నానని పుట్టింటికి ఉత్తరం రాసిందట!

వన్‌టౌన్‌లో తివాచీ నేసే ఇల్లొకటి చూశారు. ఏలూరు తివాచీలని 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో పెట్టారు. మగ్గం ముందు కూర్చున్న పెద్దాయన ఒక్కో ఉన్నిపోగునీ ముడివేసి కోస్తున్నాడు. వీళ్ళు గంటసేపు కూర్చుంటే నేత బెత్తెడు కూడా పెరగలేదు. "మీ పిల్లలు?" అని ఆవిడ అడగబోయి మానేసింది. ఇంట్లో మగ్గం ముందు ఇంకెవరూ లేరు.

రెండో రోజు పెదవేగి. ఏలూరు నుంచి పన్నెండు కిలోమీటర్లు, ఆటోలో వెళ్ళారు. శాలంకాయనులు ఏలిన వేంగి ఇదే. ఏడో శతాబ్దంలో కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలైన తూర్పు చాళుక్యులు ఏలిందీ ఇక్కడి నుంచే. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడు ఆ వంశం వాడే. అప్పటికి రాజధాని రాజమహేంద్రవరానికి మారిపోయింది. ఇంత పేరున్న ఊళ్ళో ఇప్పుడు చూపించడానికి కోట లేదు, సింహద్వారం లేదు. తవ్వకాల్లో బయటపడిన ఇటుక కట్టడాలూ, దిబ్బలూ, చుట్టూ పామాయిల్ తోటలూ.

చెట్టు నీడన కూర్చుంటే కొడుకు ఫోను. "అక్కడ ఏముంది నాన్నా?"

"ఏమీ లేదురా. అందుకే తొందర లేదు" అన్నాడాయన. ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. చీటీ రాసుకున్న మనిషి అనాల్సిన మాట కాదది.

మూడో రోజు ప్యాసింజరు బండెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళారు. అక్కడ ఆవిడ వదినగారుంది. దెందులూరు, భీమడోలు, పూళ్ళ... ప్రతి స్టేషన్లోనూ బండి ఆగింది. ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర లారీలు దాటడానికే చాలాసేపు పట్టింది. సాయంత్రం వదినగారు రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే వైపు నడకకి తీసుకెళ్ళింది. ఆ యుద్ధపు రోడ్డు ఉన్న ఊళ్ళోనే 2015లో నిట్ వచ్చింది. ఎటు చూసినా పుస్తకాల సంచులతో పిల్లలు. వదినామరదళ్ళకి అవేం పట్టలేదు, నలభై ఏళ్ళ కబుర్లు మిగిలిపోయి ఉన్నాయి.

నాలుగో రోజు కొల్లేరు. తెల్లవారకముందే బయల్దేరారు. ఆటో కుర్రాడిది లంకగ్రామమే. కైకలూరు రోడ్డులో పెదఎడ్లగాడి వంతెన దగ్గర ఆపి నీళ్ళు చూపించాడు. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు కలిసేది ఈ కొల్లేట్లోనే. ఇక్కడి నుంచి నీళ్ళు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి.

రోడ్డుకి అటూ ఇటూ గట్లు, గట్ల మధ్య చేపల చెరువులు. ఆయనకి కోపం వచ్చింది. అభయారణ్యమని 1999లో ప్రకటించారు, సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకూ 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో గట్లు పేల్చేశారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఇవన్నీ పేపర్లో చదివినవే. "సరస్సుని చంపేశారయ్యా" అన్నాడు.

కుర్రాడు వెనక్కి తిరగలేదు. "2006లో గట్లు కొట్టేసినప్పుడు మా నాన్నకి సొసైటీ చెరువులో వాటా ఉండేదండి. తర్వాత అదే నాన్న వేరేవాళ్ళ చెరువులో కూలికెళ్ళాడండి. పెద్దోళ్ళ చెరువులు మళ్ళీ లేచాయండి. మా వాటా లేవలేదండి."

"మరి కొల్లేరు ఉండాలా వద్దా?"

"ఉండాలండి బాబాయ్ గారండీ. నీళ్ళు పాడైతే ముందు చచ్చేవి మా చేపలే కదండి."

ఆ తర్వాత చాలాదూరం ఎవరూ మాట్లాడలేదు. బయటినుంచి వచ్చినవాళ్ళకి ఒక్క మాటతో తేల్చేయడం తేలిక. చెరువులని అందరూ ఒకే గాటన కట్టేస్తారు గానీ, ఎవరి గట్టు తెగింది, ఎవరిది మళ్ళీ లేచింది అన్న లెక్క ఆ లంకల్లో ఉన్నవాళ్ళకే తెలుసు.

ఆటపాకలో పడవెక్కారు. నీళ్ళ మధ్య ఇనప స్టాండ్లు, వాటి మీద గూళ్ళు, గూళ్ళ నిండా గూడబాతులు. పెలికాన్లంటే అందరికీ తెలుస్తుంది. సంచిలాంటి గొంతులోకి పిల్ల తలంతా దూర్చి తింటుంటే ఆవిడ నోరు తెరుచుకుని చూసింది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశోధకుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో వీటి గూళ్ళ కాలనీని చూసి లోకానికి చెప్పాడు. 1970ల మధ్యకల్లా ఆ పక్షులు ఈ ప్రాంతాన్ని వదిలేశాయి. మళ్ళీ వచ్చి గూళ్ళు పెట్టడానికి పాతికేళ్ళకి పైనే పట్టింది. కూర్చోవడానికి చెట్లు చాలక, మనుషులే ఇనప కొమ్మలు నాటారు.

పడవవాడి దగ్గర ఈ కథ వినగానే ఆయన ముఖం వెలిగింది. "చూశావా! అప్పట్లో తీసుకొచ్చినా ఒక్క గూడు కనిపించేది కాదు."

"పక్షుల కోసం అడిగానా?" అంది ఆవిడ. ఆయనకి జవాబు తోచలేదు. పడవ మళ్ళించబోతుంటే, "ఇంకో చుట్టు తిప్పు బాబూ" అన్నాడు. డబ్బులు ఎంతని అడగకుండా ఆయన పడవెక్కడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం కైకలూరు మెస్సులో కొర్రమీను పులుసు. ముద్ద కలిపి ఆయన ఆగాడు. ఇది చెరువుదా, కొల్లేటిదా అని అడగాలనిపించింది. ఆవిడ ఇంకో గరిటె వేయించుకుంది. "తిను. కూలికెళ్ళినవాళ్ళ ఇళ్ళకి కూడా ఇందులోంచే కదా వెళ్ళేది" అంది. ఆయన తిన్నాడు.

అయిదో రోజు చీటీలో మిగిలింది గుంటుపల్లి. రైలు సాయంత్రం. పొద్దున టిఫిన్ దగ్గర ఆయన చీటీ తీశాడు. "మెట్లు ఎన్నో లెక్కపెట్టలేదు. నువ్వు నాలుగేసి ఎక్కి కూర్చుంటూ వస్తానంటే..."

"ఈ పూటకి కాలవగట్టు చాలు" అంది ఆవిడ. "గుంటుపల్లికి డిసెంబరులో వద్దాం. అప్పుడు మెట్లు చల్లగా ఉంటాయి."

ఆయన చీటీలో గుంటుపల్లి పక్కన 'డిసెంబరు' అని రాసి మళ్ళీ మడతపెట్టాడు.