చిన్న కారు కొత్తదే కొనాలా?

2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు 1200 సీసీ లోపు పెట్రోలు కారు మీద సెస్సుతో కలిపి 29 శాతం పడేది. పన్ను కోతకు కంపెనీ తగ్గింపు కూడా తోడవడంతో ఎస్-ప్రెస్సో షోరూమ్ ధర మూడున్నర లక్షల నుంచి, ఆల్టో కే10 ధర 3.70 లక్షల నుంచి మొదలైంది. పటాన్‌చెరు చుట్టుపక్కల పాశమైలారం, బొల్లారం, రుద్రారం కంపెనీల్లో పనిచేస్తూ బీరంగూడలోనో అమీన్‌పూర్‌లోనో ఇల్లు కట్టుకున్న కుటుంబాలకు కారు మళ్లీ అందేంత దూరంలోకి వచ్చినట్టు కనిపిస్తోంది. అందినంత మాత్రాన కొత్తదే కొనాలా అన్నది వేరే లెక్క.

రోజూ కారులోనే డ్యూటీకి వెళ్లి, పదేళ్లయినా అమ్మకుండా వాడుకునేవారికి కొత్త బండి గిట్టుతుంది. కంపెనీ బస్సులో షిఫ్టుకు వెళ్తూ, ఆదివారాలూ పండగలకూ మాత్రమే కారు బయటికి తీసేవారికి గిట్టదు. మన ప్రాంతంలో రెండో రకం వారే కొత్త కారు అప్పులో ఎక్కువ ఇరుక్కుంటారన్నది నా ఆందోళన.

షోరూమ్‌లో చెప్పే ధరకూ చేతి నుంచి కదిలే డబ్బుకూ మధ్య దూరం చిన్నది కాదు. వ్యాగన్ ఆర్ ప్రారంభ ధర జీఎస్టీ కోత తరువాత 4,98,900 రూపాయలు. తెలంగాణలో ఐదు లక్షల లోపు కారుకు లైఫ్ ట్యాక్స్ 13 శాతం, అంటే ఇక్కడ దాదాపు 64,900 రూపాయలు. ఇంకో రెండు వేలు ఖరీదైన బండి ఎంచుకుంటే ఐదు లక్షలు దాటి 14 శాతం శ్లాబులో పడతాం. 2018 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి, సొంత నష్టానికి బీమా దాని మీద అదనం. అన్నీ కలిపితే ఆన్ రోడ్ ధర ఆరు లక్షల దగ్గరకు వస్తుంది. ఇందులో నాలుగున్నర లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్ల కిస్తీల మీద తీసుకుంటే నెలకు సుమారు 7,240 రూపాయలు కట్టాలి. గడువు తీరేసరికి వడ్డీయే లక్షా యాభై ఎనిమిది వేలవుతుంది. కాంట్రాక్టరు మారితే జీతం మారిపోయే ఉద్యోగంలో ఉన్నవారు ఏడేళ్ల కిస్తీకి సంతకం పెట్టేముందు నాలుగుసార్లు ఆలోచించాలి.

మరోవైపు కారు విలువ ఆగకుండా కరుగుతుంది. బీమా కంపెనీల తరుగు పట్టిక ప్రకారమే ఏడాది దాటిన కారుకు 20 శాతం, నాలుగేళ్లు దాటినదానికి 50 శాతం తీసేస్తారు. లైఫ్ ట్యాక్స్ ఆ విలువలో లెక్కకే రాదు. కానీ రాష్ట్రంలోనే చేతులు మారే పాత బండికి దాన్ని మళ్లీ కట్టనక్కర్లేదు, మొదటి ఓనరు కట్టిందే చెల్లుతుంది. నాలుగైదేళ్ల సింగిల్ ఓనర్ బండి కొన్నవారికి అసలు లాభం ఇక్కడుంది.

అయితే పాత బండి బేరంలో కళ్లు తెరుచుకుని ఉండాలి. ఉద్యోగులను కంపెనీలకు చేరవేసి అలసిపోయిన ఎల్లో ప్లేట్ బండ్లు వైట్ ప్లేట్‌కు మారి అమ్మకానికి వస్తుంటాయి. మీటరు ముప్పై వేలు చూపిస్తూ బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే ఆ మీటరును నమ్మొద్దు. బానెట్ బోల్టుల మీద రంగు చెదిరిందంటే ముందు భాగం విప్పి బిగించారన్నమాట. డిక్కీలో స్టెప్నీ తీసి కింద తుప్పు చూడాలి. సీట్ల పట్టాల సందుల్లో ఎండిన బురద కనిపిస్తే అది నీట మునిగిన బండి కావచ్చు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఎన్నో కార్లు మునిగాయి. పెండింగ్ చలాన్లు, ఫైనాన్స్ క్లియరెన్స్ చూసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు. నమ్మకమైన మెకానిక్‌కు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లడం ఈ బేరం మొత్తంలో అత్యంత చవకైన ఖర్చు.

భద్రత మాట పక్కన పెట్టి ఈ ప్రాంతంలో కారు గురించి మాట్లాడలేం. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా 65వ నంబరు జాతీయ రహదారి పగలూ రాత్రీ లారీలదే. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ఎక్కేవీ దిగేవీ, ఇస్నాపూర్ చౌరస్తాలో పాశమైలారం వైపు తిరిగేవీ అన్నీ భారీ బండ్లే. వాటి మధ్య భార్యనూ ఇద్దరు పిల్లలనూ బైకు మీద ఎక్కించుకుని వెళ్లే తండ్రికి ఏ కారైనా మేలే. ఇలాంటి కుటుంబం స్కూటరు మీద పోతుండగా చూసే రతన్ టాటా నానో తలపెట్టారు. 2009లో లక్ష రూపాయల కారుగా వచ్చిన నానో 2018లో ఆగిపోయింది. కార్లను ఢీకొట్టి భద్రతకు స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ 2014లో పరీక్షించిన నానోకూ ఆల్టో 800కూ ఒక్క స్టారూ దక్కలేదు.

ఆ తరువాత పరిస్థితి మెరుగుపడింది, కానీ అన్ని కార్లలో ఒకేలా కాదు. 2023లో ఆల్టో కే10కు పెద్దల భద్రతలో రెండు స్టార్లు వచ్చాయి, పిల్లల భద్రతలో సున్నా. వ్యాగన్ ఆర్‌కు పెద్దల భద్రతలో ఒకటే స్టారు. 2025లో రెండింటిలోనూ అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు కంపెనీయే ఇవ్వడం మొదలుపెట్టింది, మంచిదే. అయితే ఎయిర్‌బ్యాగ్ ఉన్నంత మాత్రాన బలహీనమైన బాడీ గట్టిపడదు. టియాగోకు 2020లోనే నాలుగు స్టార్లు వచ్చాయి, జీఎస్టీ కోత తరువాత దాని ధర 4.57 లక్షల నుంచి మొదలైంది. హైవే మీద రోజూ తిరిగేవారు కొత్తది కొంటే మైలేజీ, రీసేల్ కంటే ముందు ఈ స్టార్ల లెక్క చూడాలని గట్టిగా చెబుతాను.

ఇక మార్కెట్ సంగతికొస్తే, ఐదు లక్షల లోపు కార్ల అమ్మకాలు దేశంలో 2015-16లో తొమ్మిది లక్షలు దాటాయి. 2024-25లో పాతిక వేల దగ్గరకు పడిపోయాయి. కొనేవారి మోజు మారిందన్న మాట కొంతవరకే నిజం. బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు, భద్రతా నిబంధనలు అవసరమే అయినా, వాటి ఖర్చు పది లక్షల కారు మీద కంటే నాలుగు లక్షల కారు మీద ఎక్కువ బరువుగా పడింది.

కేంద్రం పన్ను తగ్గించింది. ఇప్పుడు రాష్ట్రం కూడా తన వాటా చూసుకోవాలి. 2022 మే వరకు పది లక్షల లోపు కార్లన్నిటికీ లైఫ్ ట్యాక్స్ 12 శాతమే. మరోపక్క ఎలక్ట్రిక్ కార్లకు ధరతో నిమిత్తం లేకుండా 2026 డిసెంబరు 31 వరకు పూర్తి మినహాయింపు ఉంది. ఎనిమిది లక్షల ఎలక్ట్రిక్ కారు కొన్నవారికి లక్షా పన్నెండు వేలు మిగులుతుంటే, 3.70 లక్షల ఆల్టో కొన్న కార్మికుడు 48 వేలు కడుతున్నాడు. ఎలక్ట్రిక్ రాయితీ ఉండాల్సిందే. దానికి ధర మీద ఒక హద్దు పెట్టి, ఐదు లక్షల లోపు కారుకు పన్నును కనీసం పాత 12 శాతానికైనా దించాలి.