తోలు రంగుకు బోనసు!



అమెరికా నల్లజాతి వాళ్ల సంగతి మన బులెటిన్‌లో ఎందుకని కొందరు మిత్రులు అడుగుతున్నారు. "పగారు గురించి రాయండి, బోనసు గురించి రాయండి, పి.ఎఫ్. గురించి రాయండి. జాతి, రంగు, వియత్నాం, ఇరాక్ - ఇవన్నీ సాంచాల ముందు నిలబడే మనకెందుకు?" అంటున్నారు. ఇది తెలియక అడిగేవాళ్లున్నారు, కావాలని అడిగేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ మా జవాబు ఒక్కటే: ఇది మన పగారు సంగతే.

మిల్లు నుంచే మొదలుపెడదాం. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి ఏరిందెవరు? నల్లవాళ్లు. తరతరాలు బానిసలుగా ఏరారు. 1865లో బానిసత్వం రద్దయ్యాక అప్పుల్లో మునిగిన పాలికాపులుగా ఏరారు. ఆ పత్తి మిల్లు గేటు దాటి లోపలికి పోయేది. ఏరిన చేయి మాత్రం గేటు బయటే ఆగిపోయేది. సౌత్ కరోలినా రాష్ట్రం 1915లో ఏకంగా చట్టమే చేసింది. బట్టల మిల్లులో తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒకే గదిలో పని చేయరాదు. ఒకే వేళకు ఒకే తలుపు గుండా రారాదు, పోరాదు. ఒకే కిటికీ దగ్గర పగారు తీసుకోరాదు. ఒకే చెంబుతో నీళ్లు తాగరాదు. మరి మినహాయింపు ఎవరికి? బాయిలర్ దగ్గర బొగ్గు వేసేవాళ్లకు, నేల కడిగేవాళ్లకు, మరుగుదొడ్లు శుభ్రం చేసేవాళ్లకు! ఈ చట్టం చదువుతుంటే మన ఊళ్లే గుర్తుకొస్తాయి గదా!

ఇంతకీ దీనివల్ల తెల్ల కార్మికుడు బాగుపడ్డాడా? లేదు. ఉత్తరాది మిల్లుల కంటే దక్షిణాది మిల్లుల్లో కూలి తక్కువ, యూనియన్లు బలహీనం. అందుకే యజమానులు ఉత్తరాదిన మిల్లులు మూసి దక్షిణాదికి తరలించుకుపోయారు. తెల్ల కార్మికుడికి దక్కింది ఒక్కటే - "నేను నల్లవాణ్ణి కాదు" అన్న తృప్తి. నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1935లో వెలువరించిన 'బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్' గ్రంథంలో ఈ గుట్టే విప్పారు. తక్కువ కూలి తీసుకుంటున్న తెల్ల కార్మికుడికి గౌరవం రూపంలో, హోదా రూపంలో అదనంగా ఒక కూలి ముడుతోందని, అది చూసుకుని మురిసిపోయి అతను పక్కనున్న నల్ల కార్మికుడితో చేయి కలపడం లేదని వివరించారు. మన భాషలో చెప్పాలంటే అది తోలు రంగుకు బోనసు. యజమాని జేబులోంచి ఒక్క పైసా పోని బోనసు!

ఫలితం ఏమిటి? 1934లో నాలుగు లక్షల మంది దాకా బట్టల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. సైన్యాన్ని దింపి, బ్లాక్ లిస్టులు పెట్టి మూడు వారాల్లో దాన్ని అణిచేశారు. 1946లో దక్షిణాది మిల్లుల్లో యూనియన్ పెట్టడానికి పెద్ద ఎత్తున ప్రచారోద్యమం నడిచింది. తెల్ల కార్మికులు బెదిరిపోతారేమోనని దాని నాయకులు రంగు ప్రశ్నను పక్కన పెట్టారు. వామపక్ష కార్యకర్తలను దూరం పెట్టారు. అయినా యజమానులు వాళ్లను "ఎర్రవాళ్లు, నల్లవాళ్ల తొత్తులు" అని తిట్టడం మానలేదు. ఉద్యమం కుప్పకూలింది. ప్రశ్నను దాచిపెడితే శత్రువు దాన్ని మరిచిపోతాడా?

సోదరులారా, ఇది ఒక్క అమెరికా కథే కాదు. బొంబాయి మిల్లుల్లో నేత ఖాతాలోకి దళితులను రానిచ్చేవాళ్లు కాదు. కండె మార్చినప్పుడల్లా నాడె కంటిలోంచి దారాన్ని నోటితో పీల్చాలి. అంటరానివాడి నోరు తగిలిన నాడెను ముట్టుకోమని తోటి కార్మికులే అడ్డుపడ్డారు. కూలి ఎక్కువ దొరికే ఖాతా అదే! 1928 మహా సమ్మె సందర్భంగా డాక్టర్ అంబేడ్కర్ ఈ ప్రశ్న లేవనెత్తారు. ఎర్రజెండా నాయకులకు అది ఇబ్బందిగా తోచింది. ఆ ఇబ్బందికి కార్మికోద్యమం మూల్యం చెల్లించుకుంది. సమ్మె హక్కును కాలరాసే బిల్లుకు వ్యతిరేకంగా 1938 నవంబరు 7న అంబేడ్కర్ పార్టీ, కమ్యూనిస్టులు కలిసి సమ్మె చేయడానికి పదేళ్లు పట్టింది. 1946లో అంబేడ్కర్ స్వయంగా డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లజాతి వాళ్లు పెట్టిన అర్జీ ప్రతులు కావాలని అడిగారు. డుబోయిస్ సానుభూతితో జవాబిచ్చారు. ఆ ఇద్దరికీ కనిపించిన సంబంధం మనకు కనిపించదా?

ఇక విదేశాంగ విధానం. అది ఢిల్లీ వాళ్ల పని, వాషింగ్టన్ వాళ్ల పని అంటారు. అలాగైతే ఒక ముసలి పండితుడికీ ఒక గాయకుడికీ అమెరికా ప్రభుత్వం అంతగా ఎందుకు భయపడింది? అణుబాంబుకు వ్యతిరేకంగా సంతకాలు సేకరించిన సంస్థకు నాయకత్వం వహించినందుకు 1951లో, 83 ఏళ్ల వయసులో, డుబోయిస్‌ను విదేశీ ఏజెంటన్న నేరం మోపి కోర్టుకీడ్చారు. కేసు నిలవలేదు. అయినా 1958 దాకా పాస్‌పోర్టు ఇవ్వలేదు. గాయకుడు పాల్ రోబ్సన్ పాస్‌పోర్టు 1950లోనే లాగేసుకున్నారు. ఆయన కెనడా గని కార్మికుల యూనియన్ పిలుపుపై 1952లో సరిహద్దు దాకా వెళ్లి, అమెరికా గడ్డ మీదే ఒక లారీ పైకెక్కి, అవతల నిలబడ్డ కార్మికులకు పాడి వినిపించారు. వీళ్ల నేరం ఒక్కటే - మా దేశంలో నల్లవాడిని తొక్కే చేయి, ఆఫ్రికాలో, ఆసియాలో వలసదేశాలను తొక్కే చేయి ఒక్కటేనని ప్రపంచానికి చెప్పడం.

వీళ్లు స్టాలిన్‌ను పొగిడారు గదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, పొగిడారు. సోవియట్ దేశంలో జరిగిన అణచివేత విషయంలో వాళ్ల చూపు మందగించింది. దాన్ని మేము కప్పిపుచ్చం. కానీ ఆ లోపం చూపించి, అమెరికా గురించి వాళ్లు చెప్పిన నిజాన్ని కొట్టిపారేయడం కుదరదు.

మార్టిన్ లూథర్ కింగ్ సంగతి చూడండి. ఆయన్ను కలలు కన్న మంచి మనిషిగా మాత్రమే బడిపుస్తకాల్లో చూపిస్తారు. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో వియత్నాం యుద్ధాన్ని ఆయన ఖండించిన సంగతి చెప్పరు. పేదల కోసం పెట్టాల్సిన డబ్బు బాంబులకు పోతోందని, స్వదేశంలో దక్కని స్వేచ్ఛ కోసమంటూ నల్ల యువకులను పరదేశంలో చంపుకోవడానికి పంపుతున్నారని ఆయన వాదించారు. పెద్ద పత్రికలు విరుచుకుపడ్డాయి. సొంత మనుషులే తప్పుపట్టారు. పౌరహక్కుల చట్టాలు తెచ్చిన ప్రెసిడెంట్ జాన్సన్‌ను దూరం చేసుకోవద్దని, రెండు పోరాటాలను కలపవద్దని హితవు చెప్పారు. ఇది తేలిగ్గా తీసేయదగ్గ వాదన కాదు. గెలిచినవి నిలుపుకోవాలన్న ఆత్రం మనకూ తెలుసు. కాని జాన్సన్ ఖజానా ఒక్కటే. యుద్ధానికి పోయిన డాలరు మళ్లీ పేదవాడి ఇంటికి రాదు. కలపవద్దన్నవాళ్లు ఈ లెక్కకు జవాబు చెప్పలేదు.

సరిగ్గా ఏడాదికి, 1968 ఏప్రిల్ 4న, మెంఫిస్ నగరంలో కింగ్‌ను కాల్చి చంపారు. ఆయన అక్కడికి ఎందుకెళ్లారు? చెత్త ఎత్తే కార్మికుల సమ్మె కోసం! ఫిబ్రవరి 1న వానలో తలదాచుకోవడానికి చెత్త బండిలోకి ఎక్కిన ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్ల కార్మికులు యంత్రంలో నలిగి చనిపోయారు. దాదాపు 1,300 మంది పని ఆపేశారు. తామూ మనుషులమేనని అట్టల మీద రాసి మెడలో వేసుకుని ఊరేగారు. రెండు నెలలు దాటి పోరాడి ఏప్రిల్ 16న యూనియన్ గుర్తింపు, కూలి పెంపు సాధించారు. మర్యాద కోసం పోరాటం వేరు, పగారు కోసం పోరాటం వేరు అనేవాళ్లకు మెంఫిస్ కంటే పెద్ద జవాబు ఏముంటుంది?

నల్ల మనిషి పైకెళితే అంతా సరిపోతుందని కూడా ఈ సంప్రదాయం ఎన్నడూ చెప్పలేదు. 2003లో ఇరాక్‌లో లేని ఆయుధాలను ఉన్నాయని ఐక్యరాజ్యసమితిలో వాదించిన కోలిన్ పావెల్ నల్లవాడే. 2011లో లిబియా మీద బాంబులు వేయించిన ఒబామా నల్లవాడే. 2001 సెప్టెంబరు 14న ప్రతినిధుల సభలో 420 మంది యుద్ధాధికారానికి ఓటేస్తే, ఒంటరిగా వ్యతిరేక ఓటు వేసిన బార్బరా లీ కూడా నల్ల స్త్రీయే! ముఖం కాదు, పక్షం చూడాలి. మన కులం వాడు మంత్రి అయ్యాడని మిఠాయిలు పంచేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మళ్లీ మిల్లుకే వద్దాం. 1964 పౌరహక్కుల చట్టం తర్వాత దక్షిణాది మిల్లు గేట్లు నల్లవాళ్లకు తెరుచుకున్నాయి. అప్పుడేమైంది? 1974లో నార్త్ కరోలినాలోని రోనోక్ రాపిడ్స్‌లో జె.పి. స్టీవెన్స్ కంపెనీ ఏడు మిల్లుల్లో యూనియన్ ఎన్నిక గెలిచింది. దానికి వెన్నెముక కొత్తగా వచ్చిన నల్ల కార్మికులే. 1980లో ఒప్పందం కుదిరింది. ఊపిరితిత్తులను తినే దూది ధూళికి 1978లో ప్రభుత్వం హద్దు పెట్టింది. ఆ హద్దు తెల్లవాడి ఊపిరినీ కాపాడింది. ధూళికి రంగు తెలియదు గదా!

మరి మన సంగతి? 1960లలో బొంబాయిలో దక్షిణాది వాళ్లను వెళ్లగొట్టాలన్న ప్రచారం మన పెద్దలకు గుర్తుంది. ఇవాళ మనలో కొందరే "బీహారీలు వచ్చి కూలి చెడగొట్టారు" అంటున్నారు. కాంట్రాక్టు మీద ఊడ్చే మనిషి మన యూనియన్‌లో ఉన్నాడా? నీళ్ల కుండ దగ్గర ఎవరైనా వెనక్కి నిలబడుతున్నారా? ప్రతి బ్రాంచి సభలోనూ ఈ రెండు ప్రశ్నలూ వేయాలి. జవాబులు రాసి పంపాలి.

యజమాని మనకు ఉచితంగా ఇచ్చే బోనసు ఏదైనా ఉంటే, అది పక్కవాడిని చిన్నచూపు చూసే హక్కు ఒక్కటే. దాన్ని వాడి మొహానే కొడదాం. కూలి పెంపు కోసం పోరాటం అక్కణ్ణుంచే మొదలవుతుంది.