వార్విక్ అవెన్యూ మెట్లు

చేతులకి నూనె రాసుకుని పనసపొట్టు కొడుతుంటే ఫోను మోగింది. లండన్‌లో చదువుకుంటున్న మా చెల్లెలి కూతురు. "దొడ్డమ్మా, నీకో పాట పంపాను, వినవూ" అంది. మనకి పొద్దున్న ఏడంటే అక్కడ అర్ధరాత్రి దాటుంటుంది. పాట కోసం ఇంతసేపు మేలుకుందేవిటా అనుకున్నాను.

పాట పేరు 'వార్విక్ అవెన్యూ'. డఫీ అనే వేల్స్ అమ్మాయి 2008లో పాడింది. అది లండన్‌లో ఓ వీధి పేరూ, ఆ వీధి కింద ఉన్న రైలు స్టేషన్ పేరూనూ. స్టేషన్ 1915లో తెరిచారట. పైన భవనమంటూ ఏమీ ఉండదు, రోడ్డు పక్క నుంచి కిందకి మెట్లు, అంతే. లిఫ్టులు కాకుండా కదిలే మెట్లు పెట్టి కట్టిన మొదటి స్టేషన్లలో అదొకటి. దగ్గర్లోనే కాలువలు, వాటిలో జనం కాపురముండే పడవలూ ఉంటాయి. కాలువలూ పడవలూ మనకి కొత్తా ఏవిటి! కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మన తాతలు తిరిగింది వాటి మీదేగా. రైలు కోసమే కోనసీమవాళ్లం ఎన్నేళ్లు ఎదురు చూశామో.

వీధి మీద పాట మనకీ ఉందండోయ్. అదే 2008లో వచ్చిన 'నేనింతే' సినిమాలో హైదరాబాదు కృష్ణానగర్ మీద కట్టారు. అది సినిమా అవకాశాల కోసం తిరిగేవాళ్ల గోడు. డఫీది ఆడపిల్ల గోడు. తనని బాధపెట్టినవాణ్ణి స్టేషను గుమ్మం దగ్గరికి రమ్మంటుంది, చెప్పాల్సిన మాట చెప్పేసి వెళ్లిపోదామని. వీడియోలో కారు వెనక సీట్లో కూర్చుని ఏడుస్తూనే పాడుతుంది, కాటుకంతా చెంపల మీదకి కారిపోయేదాకా. నాకు ఇంగ్లీషు సగమే తెలిసింది. ఏడుపు మాత్రం పూర్తిగా తెలిసింది.

"బావుందే. అయితే ఏవిటి?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "ఆ అబ్బాయిని నేనూ అక్కడికే రమ్మన్నాను దొడ్డమ్మా. పెళ్లి వద్దని మొహం మీదే చెప్పేశాను. అమ్మకి నువ్వే చెప్పాలి" అంది.

తాంబూలాలు పుచ్చుకుని మూడు నెలలైంది. మా చెల్లెలు పట్టుచీరలు కూడా కొనేసింది. ఎందుకు వద్దన్నావే అంటే, "నేను ఉద్యోగం చెయ్యనని వాళ్లమ్మకి మాటిచ్చేశాడట, నన్ను అడక్కుండానే" అంది. నా పెళ్లికి ముందు నన్నూ ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటర్‌తో చదువాపేశారు. నేను ఏ మెట్ల దగ్గరికీ ఎవర్నీ రమ్మనలేదు.

రేపు మా చెల్లెలు కొప్పులింగేశ్వరస్వామి దర్శనానికి పలివెల వస్తోంది. భోజనం మా ఇంట్లోనే. పనసపొట్టుకి ఆవ నూరి పెట్టుకోవాలి. గుడి నుంచి రాగానే చెప్పనా, అన్నం తిన్నాక చెప్పనా అని ఆలోచిస్తున్నాను. అన్నం తిన్నాకే నయం.