తోటలో వంగినదెవరు?

ఈమధ్య ఒక సాహిత్య సభలో వక్త ఒకాయన తెరమీద వాన్‌గో తైలవర్ణ చిత్రం చూపించి, "ఎంత ప్రశాంతమైన తోట! అమ్మ, చెల్లెలు, పూలు. ఇంతకంటే కవిత్వం ఏం కావాలి?" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

అది 'ఎట్టెన్ తోట జ్ఞాపకం'. పోస్ట్ ఇంప్రెషనిస్టు చిత్రాల్లో పేరున్నది. 1888 నవంబరులో, గొగాఁ తనతో ఉన్న రోజుల్లో, ఫ్రాన్సులోని ఆర్ల్‌లో వేశాడు. తోటేమో హాలండులో ఒకప్పుడు తండ్రి పాస్టరుగా ఉన్న ఊరిది. ముందువైపు శాలువాలు కప్పుకున్న ఇద్దరు స్త్రీలు. వాళ్ల ముఖాల్లో నవ్వు లేదు. వెనక మూడో స్త్రీ నడుం వంచి పనిచేస్తోంది. వక్తగారి కంటికి ఆమె ఆనలేదు.

ఆ ఇద్దరినీ నువ్వూ అమ్మా అనుకోవచ్చని వాన్‌గో చెల్లెలు విల్‌కి ఉత్తరం రాశాడు. పోలికలు ముఖ్యం కాదనీ, ముదురు ఊదా పక్కన నిమ్మపండు రంగు డేలియాలు తనకు అమ్మ స్వభావాన్ని స్ఫురింపజేస్తాయనీ అన్నాడు. చిత్రకారుడికి ఆ స్వేచ్ఛ ఉంది. కానీ మనకి 'చెల్లెలు'గానే మిగిలిపోయిన విల్ ఎవరు? 1898లో హేగ్‌లో జరిగిన స్త్రీల శ్రమ జాతీయ ప్రదర్శన కోసం పనిచేసిన స్త్రీవాది. 1902లో ఆమెని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1941లో చనిపోయేదాకా అలాంటి గోడల మధ్యే ఉంది. సెయింట్ రెమీ చికిత్సాలయంలో అన్న గడిపిన ఒక్క ఏడాది గురించి ఎన్ని పుస్తకాలు! చెల్లెలి ముప్పై తొమ్మిదేళ్ల గురించి మనలో ఎందరు చదివాం?

ఇక్కడే నా సంగతీ చెప్పుకోవాలి. బంటుమిల్లిలో మా అమ్మమ్మ పెరట్లో కనకాంబరాలు, దొండపాదు, తోటకూర మడులు ఉండేవి. సెలవులకొచ్చిన చుట్టాలు అరుగు మీద కాఫీ తాగుతూ "ఎంత ప్రశాంతంగా ఉందో" అనేవాళ్లు. బిందెలతో నీళ్లు మోసే అమ్మమ్మ "వంగి చూడండర్రా, తెలుస్తుంది" అనేది. ఆ మాటని నా వ్యాసాల్లో గొప్పగా వాడుకున్నాను. అదే పెరట్లో కలుపు తీసి దొడ్డిదారినే వెళ్లిపోయే ఆమె గురించి ఒక్క వాక్యం రాయలేదు. కనీసం పేరు అడగలేదు. కులం ఆమెని అరుగు ఎక్కనివ్వలేదు. నా స్త్రీవాదమూ ఎక్కనివ్వలేదు. ఇక ఆ వక్త మీద నాకు కోపమెందుకు?

మూడో స్త్రీని వాన్‌గో చిత్రించాడు. చూడనిది మనమే. తోటలు అందంగా ఉంటాయి, కాదనను. 'ప్రశాంతం' అని రాసేముందు ఎవరి నడుం వంగితే అంత అందం వచ్చిందో అడుగుదాం. ఈసారి ఊరెళ్లినప్పుడు ముందు ఆమె పేరు కనుక్కుంటాను.