బాప్తిస్మము పొందక మరణించిన పసిబిడ్డలు

పురిటిలోనే బిడ్డను పోగొట్టుకొన్న తల్లులు మమ్మును అడిగే ప్రశ్న ఒక్కటే: "బాప్తిస్మము లేకుండానే పోయాడు, నా బిడ్డ ఇప్పుడెక్కడున్నాడు?"

ఈ భయము పాతది. ఐదవ శతాబ్దములో అగస్టీను అట్టి శిశువులకు అతి స్వల్పమైనదైనా శిక్ష తప్పదని బోధించాడు. మధ్యయుగపు పండితులు వారి కొరకు 'లింబో' అను స్థలమును ఊహించారు. అక్కడ బాధ లేదట, దేవుని ముఖదర్శనమూ లేదట! పరిశుద్ధ గ్రంథములో ఆ పేరే లేదు. 1542లో లూథరు ఇట్టి తల్లుల కొరకే ఒక చిన్న రచన చేసి, బిడ్డ కొరకు తల్లి హృదయములోని మూలుగులనే దేవుడు ప్రార్థనగా అంగీకరిస్తాడని ధైర్యము చెప్పాడు. మన గుంటూరు సీమ లూథరన్ కుటుంబములలో ఈ సంగతి ఎందరికి తెలుసో! రోమను కతోలిక సంఘపు అంతర్జాతీయ వేదాంత కమిషన్ సహితము 2007లో, ఈ శిశువుల రక్షణ కొరకు నిరీక్షించుటకు బలమైన ఆధారములున్నవని తెలిపింది.

బాప్తిస్మము అక్కరలేదని మేము అనడము లేదు. అది ప్రభువు ఆజ్ఞ. అయితే దానిని నెరవేర్చే వ్యవధి లేని పసివానిని ఆయన త్రోసివేస్తాడని ఎక్కడ వ్రాయబడినది? దావీదు చనిపోయిన తన బిడ్డ యొద్దకు తానే వెళ్తానని నమ్మాడు (2 సమూయేలు 12).

సంఘ పెద్దలకు ఒక మనవి. అట్టి బిడ్డను గోడవారగా, ప్రార్థన లేకుండా పాతిపెట్టనియ్యకండి. పాస్టరుగారిని వెంటబెట్టుకొని వెళ్లండి.