కుడిపక్క దీపం

అంతులేని దీపాల వరస ఒకటి ఊహించండి. గడియారం టిక్కుమన్నప్పుడల్లా అన్నీ ఒక్కసారే తమ కుడిపక్క దీపం వంక చూస్తాయి. పక్కదీ తనదీ ఒకే తీరైతే దీపం ఆరుతుంది, లేకుంటే వెలుగుతుంది. వరసను ఒక స్థానం జరిపి ఈ నియమం నడిపినా, నడిపి జరిపినా ఫలితం ఒకటే. ఇటువంటిదాన్ని సెల్యులర్ ఆటోమేటన్ అంటారు.

ఒక్క దీపాన్నే కనిపెట్టుకు కూర్చుంటే టిక్కు టిక్కుకూ కుడివైపునుంచి ఒక కొత్త కబురు అందుతుంది. ఆ కొత్తదనానికి కొలతే ఎంట్రపీ. ఇక్కడ టిక్కుకొక అవునో కాదో, అంతే.

సూత్రం తెలిశాక, పద్యానికి గణాలు విడదీసినట్టే గదా అనుకున్నాను, తెలుగు మాష్టర్ని! కాదట. ఏ నియమమిచ్చినా దాని ఎంట్రపీని ఉజ్జాయింపుగానైనా లెక్కకట్టే పద్ధతి ఉండదని 1992లో హర్డ్, కారి, క్యూలిక్ నిరూపించారు. ఇంకా దొరకలేదని కాదు సుమండీ, ఉండనే ఉండదని!