జీతం అటు, జీవితం ఇటు

శనివారం పొద్దున జర్మనీలోని కాన్‌స్టాన్స్‌కి వెళ్లి ఏ సూపర్‌మార్కెట్ ముందు నిలబడినా వరసగా స్విస్ నంబర్ ప్లేట్లే కనిపిస్తాయి. సరిహద్దు అవతలి స్విస్ ఊరు క్రాయ్‌జ్‌లింగెన్ నుంచి నడిచొచ్చేవాళ్లూ ఉంటారు. రెండు ఊళ్లూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయి మరి. మాంసం, డైపర్లు, షాంపూలు బండినిండా వేసుకుని, బిల్లు కట్టేచోట ఎగుమతి రసీదు అడిగి తీసుకుంటారు. దానిమీద కస్టమ్స్ ముద్ర పడితే కట్టిన జర్మన్ వ్యాట్ వెనక్కి వస్తుంది. ఈ తాకిడికి తట్టుకోలేక జర్మనీ 2020లో 50 యూరోలు దాటిన బిల్లుకే ఆ వెసులుబాటు అంది. స్విట్జర్లాండేమో 2025 జనవరి నుంచి పన్ను లేకుండా తెచ్చుకునే సరుకు విలువను 300 ఫ్రాంకుల నుంచి 150కి కుదించింది. అయినా జనం ఆగలేదు.

పనిరోజుల్లో వరస తిరగబడుతుంది. జర్మన్లు ఉద్యోగాలకు అటు వెళ్తారు. ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీల్లాంటి ఇరుగుపొరుగు దేశాల నుంచి స్విట్జర్లాండ్‌కు పనికెళ్లి వచ్చేవాళ్లు దాదాపు 4 లక్షల మంది. ఏ దేశం గొప్పదన్న వాదనను వీళ్లు ఎప్పుడో తేల్చేశారు: జీతం అటు, జీవితం ఇటు.

మనవాళ్లకు ఆ వీలు తక్కువ. భారత పౌరుడు అలా రోజూ వెళ్లిరావాలంటే జర్మనీలో శాశ్వత నివాస హక్కు ఉండాలి, సరిహద్దు ప్రాంతంలో కనీసం ఆరు నెలలు కాపురమున్నవాడై ఉండాలి. కాబట్టి మ్యూనిక్‌లోనో స్టుట్‌గార్ట్‌లోనో ఉన్న తెలుగు ఇంజనీరుకు జూరిక్ నుంచి ఆఫర్ వస్తే రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. వెంటనే నగరాల జీవన నాణ్యత ర్యాంకుల జాబితా తెరుస్తాడు. మెర్సర్ సంస్థ 2024 జాబితాలో జూరిక్‌దే మొదటి స్థానం. అయితే ఆ జాబితా, విదేశాలకు పంపే ఉద్యోగులకు ఎంత భత్యం ఇవ్వాలో కంపెనీలు లెక్క వేసుకోవడానికి పనికొచ్చేది. ఇంటద్దె, పిల్లల ఫీజు సొంత జేబులోంచి కట్టుకునేవాడి బాధ అందులో దొరకదు.

నాకు కనిపించే తేడా ఇది: స్విట్జర్లాండ్ సంపాదించే మనిషికి గొడుగు పడుతుంది, జర్మనీ ఇంటిల్లిపాదికీ పడుతుంది.

ఆరోగ్య బీమా చూడండి. స్విట్జర్లాండ్‌లో తలకొక పాలసీ, జీతంతో నిమిత్తం లేదు. 2025లో పెద్దవాళ్లకు సగటున నెలకు 449 ఫ్రాంకులు. పైగా ఏటా మొదటి 300 ఫ్రాంకుల వైద్య ఖర్చు మనదే. ప్రీమియం తగ్గాలంటే ఆ మొత్తాన్ని 2,500 దాకా పెంచుకోవచ్చు, అంటే జబ్బు చేయదని పందెం కాయడమే. జర్మనీ ప్రభుత్వ బీమాలో జీతంలోంచి ఇంత శాతమని కోస్తారు, దాదాపు సగం యజమాని కడతాడు. సంపాదన లేని భార్య లేదా భర్త, పిల్లలు అదనంగా పైసా కట్టకుండా అందులోనే ఉంటారు.

కాన్పు సంగతీ అంతే. స్విస్ తల్లికి 14 వారాల వేతన సెలవు, అదీ 2005 నుంచే. తండ్రికి రెండు వారాలు 2021లో వచ్చాయి. జర్మనీలో తల్లిదండ్రులు పంచుకుంటే 14 నెలల దాకా భత్యం అందుతుంది. జూరిక్‌లో పసిపిల్లల క్రెష్‌కు రోజుకు 100 ఫ్రాంకులు దాటుతుంది. బెర్లిన్‌లో భోజనం ఖర్చు తప్ప ఉచితం.

జర్మనీని నెత్తిన పెట్టుకోమని కాదు. ఉద్యోగం పోతే పిల్లలున్న ఉద్యోగికి స్విట్జర్లాండ్ జీతంలో 80 శాతం ఇస్తుంది, జర్మనీ చేతికందే జీతంలో 67 శాతంతో సరిపెడుతుంది. ఇక జర్మన్ రైళ్ల గురించి చెప్పుకోవడమే దండగ. ఆలస్యంగా వచ్చే వాటిని స్విస్ రైల్వే బాసెల్ దగ్గరే ఆపేసి, ప్రయాణికులను తమ రైలెక్కిస్తోంది.

స్విస్ పద్ధతి ఎవరో నెత్తిన రుద్దింది కూడా కాదు. ఏడాదికి నాలుగు వారాల కనీస సెలవును ఆరుకు పెంచుదామా అని 2012 మార్చిలో అడిగితే ఓటర్లలో మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. సెలవు పెరిగితే ఉద్యోగాలు పోతాయన్న భయం గెలిచింది. అది వాళ్ల ఇష్టం. కానీ ఆ దేశ జనాభాలో నాలుగో వంతుకు పైగా విదేశీయులు. ప్రీమియం కట్టే వీళ్లకు జాతీయ ఓటింగ్‌లో చోటు లేదు. పౌరసత్వానికి పదేళ్లు ఆగాలి, ఆపైన కాంటన్ (అక్కడి రాష్ట్రం), ఊరు కూడా సరేననాలి. జర్మనీలో 2024 నుంచి ఐదేళ్లు చాలు.

అందుకే పెళ్లికాని కుర్రాడు అడిగితే జూరిక్ రైలెక్కమంటాను. ఇద్దరు పిల్లలున్న దంపతులు మాత్రం ఆఫర్ లెటర్‌లోని అంకెలోంచి నాలుగు ప్రీమియాలు, రెండు క్రెష్ ఫీజులు తీసేసి చూసుకోవాలి. అప్పటికీ మిగులు ఉంటే నిశ్చింతగా వెళ్లొచ్చు. ఆ మిగులు చూపించడానికి ఇంట్లో ఒకరు ఉద్యోగం మానుకోవలసి వస్తే, పెరిగిన జీతం ఎవరిదో, తగ్గిన జీవితం ఎవరిదో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నాకే సంతకం పెట్టాలి.